రిఫరెన్సు మేడం తోడికోడలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయం మూడో అంతస్తులో, రాజనీతిశాస్త్రం అలమరలు అయిపోయి న్యాయశాస్త్రం అలమరలు మొదలయ్యే చోట, కిటికీ పక్కన ఒక పెద్ద బల్ల ఉండేది. ఆ బల్ల వెనక కూర్చునే ఆవిడను అందరూ రిఫరెన్సు మేడం అనేవారు. అసలు పేరు జీతాల విభాగంలో వాళ్ళకు తప్ప ఎవరికీ అవసరం పడలేదు. "ఆవిడనడిగితే పుస్తకం తనంతట తానే నడుచుకుంటూ వస్తుంది" అని పాత విద్యార్థులు కొత్తవాళ్ళకు చెప్పి పైకి పంపేవారు.

అందులో అతిశయోక్తి ఉందేమో గానీ అబద్ధం లేదు. ఒక చట్టంలో ఏముందో ఒక చోట దొరుకుతుంది. అది ఎందుకు వచ్చిందో శాసనసభ చర్చల్లో దొరుకుతుంది. దాన్ని కోర్టులు ఏమని అర్థం చేసుకున్నాయో తీర్పుల సంపుటాల్లో దొరుకుతుంది. రాజనీతిశాస్త్రం వాళ్ళు తీర్పుల జోలికి పోరు, న్యాయశాస్త్రం వాళ్ళు చర్చల ముఖం చూడరు. వీళ్ళను వాళ్ళ అలమరల్లోకి, వాళ్ళను వీళ్ళ అలమరల్లోకి తోలడమే తన ఉద్యోగమని మేడం నవ్వుతూ అనేది. "చర్చల సూచికలో విషయం పేరు వెతికితే లాభం లేదు బాబూ, మాట్లాడిన సభ్యుడి పేరు పట్టుకో" అనేది. "ఆ చట్టానికి మధ్యలో పేరు మార్చారు, పాత పేరుతో కూడా చూడు" అనేది. పక్క బల్లల దగ్గర తలలు వంచుకుని చదువుకునేవాళ్ళు కూడా ఆ మాటలు చెవిన వేసుకుని రాసుకునేవారు. అలా రాసుకోవడం ఆవిడ ఓరకంట చూసేది. చూడనట్టే ఉండేది.

ఇంత మేడం కడుపులో మంట పెట్టింది బయటివాళ్ళెవరూ కాదు, సొంత తోడికోడలు.

మరిదికి సంబంధం చూసినప్పుడు అమ్మాయి కూడా గ్రంథాలయశాస్త్రం చదివిందని తెలిసి అందరికంటే ఎక్కువ సంబరపడింది పెద్దకోడలే. పెళ్ళయిన మర్నాటి నుంచే "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, మా దగ్గర ఖాళీ పడింది, రా" అని వెంటపడి దరఖాస్తు పెట్టించింది. ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి ఒకే బస్సులో వచ్చేవారు. ఇంట్లో పెద్దకోడలి కాపురం అత్తగారితో కలిసి కింద, చిన్నకోడలి కాపురం మేడ మీద. గ్రంథాలయంలో ఇది తిరగబడింది. చిన్నకోడలికి కింది అంతస్తులో, కొత్తగా తెరిచిన ఎలక్ట్రానిక్ విభాగంలో సీటు ఇచ్చారు. గోడ పొడుగునా కంప్యూటర్లు, చల్లని గది, తోసుకుని తిరిగే చక్రాల కుర్చీలు.

మొదటి ముల్లు గుచ్చింది న్యాయశాస్త్ర శాఖాధిపతి. ఆయన ఏళ్ళ తరబడి ఆయాసపడుతూ మూడో అంతస్తు ఎక్కి, మేడం ఎదురుగా కూలబడి, మంచినీళ్ళు తాగాక గానీ ప్రశ్న అడిగేవాడు కాదు. ఒకరోజు మెట్ల దగ్గర ఎదురుపడి, "ఇంక నా మోకాళ్ళు బతికిపోయాయి మేడం! మీ చెల్లెలు కిందే కూర్చోబెట్టి అన్ని తీర్పులూ తీసి చూపించేసింది" అన్నాడు.

"చెల్లెలు కాదండీ, తోడికోడలు" అంది మేడం.

"ఎవరైతేనేం, మీ పెంపకమేగా."

ఆ మాటకు ఆవిడ నవ్వింది. నవ్వు బల్ల దాకా వెళ్ళేలోపే ఆరిపోయింది.

ఆ తరువాత ఆవిడకు కొత్త దాహం పట్టుకుంది. మూడో అంతస్తులో మంచినీళ్ళ కుళాయి ఉండగా, సీసా పట్టుకుని కిందికి దిగేది. నీళ్ళు నిండేదాకా అద్దం తలుపులోంచి చూసేది. చిన్నకోడలి చుట్టూ కుర్చీలు చేరి ఉండేవి. ఎవరో ఏదో అడిగేవారు, అది టకటకా కొట్టేది, తెర మీద ఫలితాలు వరుసగా వచ్చేవి, అందరూ ముందుకు వంగేవారు. ఒక్కోసారి నవ్వులు వినిపించేవి. 'పైన' అన్న మాట వినబడితే తన గురించేనని మేడంకి నిశ్చయం. అది పై వరుసలో వచ్చిన ఫలితాల గురించి కావచ్చని ఆవిడకు తట్టేది కాదు. పైకి వచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు తన కంప్యూటరులో అదే ప్రశ్న కొట్టి చూసుకునేది. వేల కొద్దీ వచ్చి పడేవి. వాటిలో పనికొచ్చేదేదో తెలిసేది కాదు. చటుక్కున మూసేసి, ఏదో తప్పు చేసినదానిలా అటూ ఇటూ చూసేది.

ఇంట్లోనూ అదే వరస. అత్తగారి పింఛను ఎక్కడో ఆగిపోతే చిన్నకోడలు ఫోనులోనే ఏదో వెతికి, ఎవరికి రాయాలో కనుక్కుని, రాసి, రప్పించింది. అప్పటినుంచి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ అత్తగారు అదే కథ. "మా చిన్నది వెతికితే దొరకనిదంటూ లేదమ్మా."

"నేనూ అదే పని చేస్తానత్తయ్యా, ఎన్నో ఏళ్ళుగా" అంది పెద్దకోడలు ఒకసారి ఉండబట్టలేక.

"నువ్వు పుస్తకాలు వెతుకుతావే. అది పనులు వెతుకుతుంది."

పింఛను ఆగిన సంగతి అత్తగారు ముందు తనకు చెప్పలేదన్నదే పెద్దకోడలి అసలు బాధ. రాత్రి భోజనాల దగ్గర ఆవిడ గిన్నెలు కాస్త గట్టిగా పెట్టింది. భర్త తలెత్తి చూసి, పప్పుగిన్నె తనవైపు లాక్కున్నాడు.

అన్నిటికంటే నొప్పి పెట్టింది మాత్రం సందేహాలమ్మ. ఆవిడ ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక రాజనీతిశాస్త్రంలో పరిశోధనకు చేరింది. రోజుకో సందేహంతో పైకి వచ్చేది కనక గ్రంథాలయంలో ఆ పేరు పెట్టేశారు. అద్దె ఇళ్ళ చట్టం ఆవిడ విషయం. అద్దెకున్న మనిషి చనిపోతే అతని భార్య అదే ఇంట్లో ఉండిపోవచ్చని ఆ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. అది ఎలా వచ్చింది, ఎవరు అడిగారు, ఎవరు అడ్డుపడ్డారు అన్నది తేల్చాలని ఆవిడ పట్టుదల. సందేహాలమ్మ అంటే మేడంకి ప్రాణం. చట్టం మొదటి ప్రతి ఆవిడ చేతిలో పెట్టింది మేడమే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోంచి టీ తాగేవారు. అటువంటి మనిషి నెమ్మదిగా రావడం తగ్గించి, ఒకరోజు నీళ్ళ సీసాతో దిగిన మేడంకి అద్దం తలుపు వెనక, చిన్నకోడలి పక్క కుర్చీలో కనిపించింది.

"ఏమండీ, బొత్తిగా నల్లపూసైపోయారు?" అని అడిగితే, "ఇక్కడైతే అన్నీ ఒక్క చోటే దొరుకుతున్నాయండీ, టైము కలిసొస్తోంది" అంది సందేహాలమ్మ, ఏ పాపమూ ఎరగని ముఖంతో.

ఆ ఏడాదే గ్రంథాలయ సంచాలకుడు ఇద్దరినీ తన గదికి పిలిపించాడు. రాజనీతిశాస్త్రం, న్యాయశాస్త్రం పరిశోధకుల కోసం ఒక మార్గదర్శిని తయారు చేయాలన్నాడు. ఏది ఎక్కడ దొరుకుతుంది, ఎలా వెతకాలి, ఏది మన దగ్గర లేదు, అంతా అందులో ఉండాలి. దాని వెనకే రెండు శాస్త్రాలకూ కలిపి పరిశోధన సహాయ కేంద్రం తెరుస్తారట. దానికి ఒక అధికారి కావాలి.

"చిన్నావిడ రాస్తారు. మీరు పెద్దవారు, ఒకసారి చూసి సరిదిద్దండి" అన్నాడు మేడంతో. ఆయన మర్యాదగానే అన్నాడు. ఆవిడకు మాత్రం తన పెళ్ళిపీట మీద ఇంకొకరిని కూర్చోబెట్టి, అలంకరించమని తనకే చెప్పినట్టనిపించింది.

చిన్నకోడలు రాసింది. బాగా రాసింది, అదే వచ్చిన చిక్కు. ఏ తీర్పును ఏ మాటలతో పట్టుకోవాలో, ఫలితాలు గుట్టలుగా వస్తే ఎలా వడకట్టాలో, ఒక తీర్పును తరువాతి తీర్పులు ఒప్పుకున్నాయో కొట్టేశాయో ఎలా చూడాలో, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. మేడ దిగి వచ్చి కాగితాలు తోడికోడలి చేతికిచ్చి, "అక్కా, ఎక్కడ తప్పుంటే అక్కడ నిర్మొహమాటంగా కొట్టేయండి" అంది.

పెద్దకోడలు కలం మూత తీసి చదివింది. చివరికి వస్తుండగా ఒక వాక్యం కనిపించింది: 'శాసనసభ సెలెక్టు కమిటీల చర్చల నివేదికలు మన గ్రంథాలయంలో లభించవు.'

లభిస్తాయి. నేలమాళిగలో, పాత కుర్చీలు పడేసిన గది దాటాక, ఇనుప అలమరల్లో ఉన్నాయి. భవనం మారినప్పుడు వాటిని కేటలాగులో ఎక్కించకుండా వదిలేశారు. అవి అక్కడున్నాయని తెలిసిన ఉద్యోగుల్లో ఈవిడ తప్ప అందరూ రిటైరయ్యారు. సభలో నాలుగు ముక్కల్లో తేలిపోయిన చట్టాల వెనక అసలు తగాదాలన్నీ, బిల్లును ముందుగా విప్పి చూసే ఆ కమిటీల్లోనే జరిగాయి. సందేహాలమ్మకు కావలసినవి అవే. వాటిని తీసి చూపిద్దామని తను ఎన్నోసార్లు అనుకుంది. ఆవిడ కిందికి మారిపోయాక అనుకోవడం మానేసింది.

కలం ఆ వాక్యం మీద ఆగింది. కొట్టేస్తే ఏమవుతుంది? మార్గదర్శిని ఇంకా బాగుంటుంది. పేరు ఎవరికి వస్తుంది?

కాగితాల మీద 'బాగుంది' అని రాసి ఇచ్చేసింది.

"అంతేనా అక్కా? ఒక్కటి కూడా లేదా?" అంది చిన్నకోడలు నమ్మలేక, సంతోషంగా.

"అంతే."

నెలలు గడిచాయి. సందేహాలమ్మ పరిశోధన పూర్తయి, గ్రంథం సమర్పించే ముందు జరగవలసిన సెమినార్ వచ్చింది. గ్రంథాలయం వాళ్ళను కూడా పిలిచారు. చిన్నకోడలు ముందు వరసలో కూర్చుంది. మేడం వెనక, తలుపు పక్కన కూర్చుంది. సందేహాలమ్మ మొదట చిన్నకోడలికి కృతజ్ఞతలు చెప్పింది, పేరు పెట్టి. తరువాత విషయంలోకి దిగింది. ఆ సెక్షన్ ఎవరూ అడగకుండా, ఎవరూ అడ్డుపడకుండా, ఏ చర్చా లేకుండా చట్టంలోకి వచ్చిందని చెప్పింది. ఆ మౌనం మీదే ఆవిడ ఒక అధ్యాయమంతా కట్టింది.

బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ముసలి ప్రొఫెసర్ చెయ్యెత్తాడు. "సభలో లేదు సరే. సెలెక్టు కమిటీ నివేదికలు చూశారా అమ్మా?"

"అవి ఇక్కడ లేవండీ. గ్రంథాలయం మార్గదర్శినిలోనే రాశారు."

"లేకపోవడమేమిటి? నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ గ్రంథాలయంలోనే చదివాను. ఆకుపచ్చ అట్టలు. ఇంత లావు."

హాలు గుసగుసలతో నిండింది. చిన్నకోడలి మెడ వెనక భాగం ఎర్రబడటం మేడంకి కనిపించింది. ఎప్పటినుంచో కోరుకున్నది ఇదే. సంతోషం వచ్చింది కూడా. చప్పున వచ్చి, నోట్లో వేసుకున్న ఐసుముక్కలా కరిగిపోయింది. ఎందుకంటే అప్పుడే సందేహాలమ్మ ఆ అధ్యాయం కాగితాలు ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. ఆవిడ వాటిని బల్ల మీద పెట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

సంచాలకుడు వెనక్కి తిరిగి, "మేడం, అవి ఉన్నాయా?" అని అడిగాడు.

'చూడాలండీ' అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. సందేహాలమ్మ తనవైపే చూస్తోంది.

"ఉన్నాయి. నేలమాళిగలో ఉన్నాయి."

"మరి మార్గదర్శినిలో అలా ఎందుకు పడింది?"

ఆవిడ నోరు తెరిచేలోపు చిన్నకోడలు లేచి నిలబడింది. "పొరపాటు నాది సార్. నేలమాళిగలోకి దిగి చూసుకోవలసింది. చూడలేదు."

ఆ రోజు ఒకే బస్సులో వెళ్ళినా ఎవరి సీటులో వాళ్ళు కూర్చున్నారు. ఇంటి మెట్ల దగ్గర పెద్దకోడలు అడ్డంగా నిలబడి, "నన్నెందుకు వెనకేసుకొచ్చావు?" అంది.

"మిమ్మల్ని వెనకేసుకురాలేదు" అంది చిన్నకోడలు. "ఇంటి కంపు నలుగురిలో ఎందుకని తప్పు నా మీద వేసుకున్నాను. మీకు ముందే తెలుసు కదా అక్కా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాలనిపించలేదు."

చిన్నకోడలు చేతిసంచి భుజానికి సర్దుకుంది. "నేను ఏం రాసినా ముందు మీకెందుకు చూపిస్తానో తెలుసా? మీరు బాగుందంటే నాకు ధైర్యం. ఆ రోజు బాగుందన్నారని మీ మరిదికి పదిసార్లు చెప్పుకున్నాను." అని పక్కనుంచి తప్పుకుని మెట్లెక్కిపోయింది.

అక్కడినుంచి మాటలు లేవు. అన్నదమ్ములిద్దరికీ ఏం జరిగిందో సరిగ్గా తెలియక, ఒకరి ఇంట్లో ఒకరు నవ్వడానికి కూడా జంకారు. కబుర్లు మోయడం అత్తగారి వంతయింది. "పైదానితో చెప్పు, కిందిదానితో చెప్పు అంటూ ఈ వయసులో నన్ను తపాలా బంట్రోతును చేశారు" అని సణిగేది. ఒకరోజు విసిగిపోయి ఇద్దరికీ వినబడేలా మెట్ల మధ్య నిలబడింది. "అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకత్తె. నేను కొట్టనూ లేదు, మీలో ఎవరూ నవ్వనూ లేదు. మరి ఇద్దరూ దేనికే ఏడుస్తున్నారు?"



సెమినార్ మర్నాడే రిఫరెన్సు మేడం నేలమాళిగలోకి దిగింది. దుమ్ముకి ముక్కు కట్టుకుని, కుర్చీలు పక్కకు లాగి, అద్దె ఇళ్ళ చట్టం కమిటీ సంపుటాలు వెతికింది. అట్టల వీపు మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఒక్కొక్కటీ తెరిచి, కమిటీ అధ్యక్షుడి పేరు బట్టి పోల్చుకుని, బయటికి తీసి తుడిచి, మూడో అంతస్తులో తన బల్ల మీద పెట్టింది. కబురు చేస్తే సందేహాలమ్మ వచ్చింది. కూర్చోలేదు.

"ఇవి ఉన్నాయని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను కిందికి వెళ్ళడం మొదలుపెట్టినందుకా?"

మేడం సంపుటం అట్ట మీద చెయ్యి పెట్టి ఊరుకుంది. అవునని చెప్పడానికి అంతకంటే వేరే దారి ఆవిడకు తెలియలేదు.

సందేహాలమ్మ కుర్చీ లాక్కుంది. "సరే, ఎక్కడుందో చూపించండి."

ఉంది. ఆ సెక్షన్ మీద కమిటీ హోరాహోరీగా పోట్లాడుకుంది. ఇంటి యజమానుల తరఫున మాట్లాడిన సభ్యుడు, భర్త పోయిన మనిషి అద్దె ఎక్కడినుంచి తెస్తుందని అడిగాడు. భర్త ఉన్నప్పుడు మాత్రం ఎక్కడినుంచి తెచ్చిందో మీకు తెలుసా అని ఒక సభ్యురాలు ఎదురు అడిగింది. ఆ పేజీ చదువుతూ సందేహాలమ్మ ఒక్కసారి పెద్దగా నవ్వి, తను ఎవరి పక్కన కూర్చుందో గుర్తొచ్చి ఆపేసింది. మేడం ఫ్లాస్కు తీసి రెండు కప్పుల్లో పోసింది. సందేహాలమ్మ కప్పు ముట్టుకోలేదు. అది అలాగే చల్లారిపోయింది.

అధ్యాయం మొత్తం తిరగరాయవలసి వచ్చింది. సమర్పణ వెనక్కి పోయింది. పట్టా వచ్చింది, మంచి పేరూ వచ్చింది. గ్రంథం మొదట్లో చిన్నకోడలి పేరుంది. మేడం పేరు లేదు. 'మిగిలిన గ్రంథాలయ సిబ్బంది' అని ఉంది. ఆ మాట మేడం రెండుసార్లు చదువుకుంది. సందేహాలమ్మ ఇంకెప్పుడూ మూడో అంతస్తు ఎక్కలేదు.

మేడం మాత్రం సంచాలకుడి గదికి వెళ్ళి, ఆ వాక్యం తను చూసే వదిలేశానని చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎందుకు చెబుతున్నారు ఇప్పుడు?"

"కేంద్రానికి అధికారిని వేసేటప్పుడు ఆ తప్పు మా తోడికోడలి లెక్కలో పడకూడదండీ."

చిన్నకోడలే అధికారి అయింది. మేడం చెప్పకపోయినా అయ్యేదేనని ఆయన తరువాత ఎవరితోనో అన్నాడట. అది విన్న రోజు మేడంకి మళ్ళీ అన్నం సయించలేదు. చేసిన ఒక్క మంచిపనికీ అక్కర లేకుండా పోయింది.

కేంద్రం తెరిచాక మూడో అంతస్తు బల్ల తీసేసి, ఆవిడను కూడా కిందికి మార్చారు. ఒకే గదిలో ఎదురెదురుగా ఎంతకాలం మాట్లాడకుండా ఉంటారు? నేలమాళిగలో సంపుటాలను కేటలాగు చేసే పని పడింది. ఏ కమిటీ ఏ చట్టానిదో పెద్దకోడలు చెప్పాలి, చిన్నకోడలు ఎక్కించాలి. మొదట అంకెలు మాట్లాడుకున్నారు. తరువాత పేర్లు. ఒకరోజు చిన్నకోడలు తెర మీదనుంచి చూపు తిప్పకుండానే, "అక్కా, దుమ్ముకి మీకు దగ్గు పట్టుకుంది. రేపటినుంచి మూతికి గుడ్డ కట్టుకుని దిగండి" అంది. పెద్దకోడలు సరేనంది. ఆ సాయంత్రం బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు.

ఫలితాలు వడకట్టడం చిన్నకోడలి దగ్గరే నేర్చుకుంది మేడం. నేర్చుకుంటూ కూడా కుళ్ళుకుంది. అది మీట నొక్కే వేగానికి కుళ్ళుకుంది, చెప్పిందే మళ్ళీ చెప్పేటప్పుడు దానికున్న ఓపికకు ఇంకా కుళ్ళుకుంది. ఆ ఓపికే తనకుంటే ఎంత బాగుండేదో అనుకుంది. అయినా అడగడం ఆపలేదు.

మొన్నీమధ్య న్యాయశాస్త్ర శాఖాధిపతి ఏదో పాత నిబంధన కోసం వచ్చాడు. తెర మీద దొరకలేదు. చిన్నకోడలు కుర్చీ తిప్పి, "అక్కా, దీనికి పాత పేరు ఏమై ఉంటుంది?" అని అడిగింది. మేడం చెప్పింది. క్షణంలో దొరికింది.

"మీ చెల్లెలు గట్టిదండీ!" అన్నాడాయన మేడంతో, కాగితాలు అందుకుంటూ.

ఆవిడ పళ్ళు బిగబట్టింది. "గట్టిదేనండీ" అంది.